అరగని రబ్బరు

కిందటి వారం మనం రబ్బరు కార్ఖానా గేటు దగ్గర ఆగిపోయాం. గొళ్ళెం ఊడింది, టర్నర్ లోపలికి వచ్చాడు, అతని భుజం మీద గోనెసంచి ఉంది, మొహం మీద రక్తం ఉంది. సంచిలో ఏముందో చెప్పకుండా అక్కడ ఆపేసినందుకు మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. సంచి విప్పాక జరిగింది విన్నారంటే నన్ను తిట్టడానికి మీకు ఓపిక మిగలదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. నది దాటించే లాంచీలు రెండున్నాయి. రెండింటికీ యజమాని ఒక్కడే. పెద్ద లాంచీ నది నడుమ ఉండగా ఇంజినుగదిలో పంకాను తిప్పే ఇనుప షాఫ్టు విరిగింది. విరిగిన ముక్క ఎగిరి ఇంజిను డ్రైవరు గుండెల్లో దిగింది. అతను అక్కడే పోయాడు. ఆ డ్రైవరు ఎవరంటే, రబ్బరు కార్ఖానా నడిపే పెద్దక్కకు సొంత చెల్లెలి మొగుడు. ఆ షాఫ్టును ఇనుము చెక్కే లేతు మీద చేసిన టర్నర్ ఎవరంటే, పోయినవాడికి సొంత అన్న. ఇంజినునూ షాఫ్టునూ కలిపే కప్లింగులో కూర్చునే రబ్బరు దిమ్మలు ఎవరివంటే, పెద్దక్కవే. అందరూ అందరికీ కావలసినవాళ్ళే. విరిగింది షాఫ్టు కనుక ఊరంతా కలిసి టర్నర్ మీద పడింది.

ఇక సంచి విప్పుదాం.

బోర్లించగానే ముందు షాఫ్టు ముక్క పడింది, నేల గచ్చు పెచ్చు లేచింది. దాని వెనకే పిడికిలంతేసి రబ్బరు దిమ్మలు దొర్లుకుంటూ వెళ్ళి దిమ్మలను అచ్చువేసే ప్రెస్సు కాళ్ళ దగ్గర ఆగాయి. టర్నర్ ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి రెండుగా చీలింది. పొద్దున రేవులో లాంచీ మనుషులు అతన్ని కింద పడేసి తన్నారు. తన్నినవాళ్ళలో చాలామంది అతని తమ్ముడి చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళే. కనుక చచ్చినవాడి మీద ప్రేమతోనే తన్నారని మనం సరిపెట్టుకోవాలి.

"వదినగారూ," అన్నాడు టర్నర్. నోట్లో రక్తం ఊరుతున్నా మనిషి వరస మరిచిపోలేదు. "మధ్యాహ్నం చిన్న లాంచీ వదులుతున్నారు. నిన్నటి నుంచి ఒడ్డున ఆగిపోయిన జనమంతా దాన్లోనే ఎక్కుతున్నారు. అందులో ఉన్నదీ నా షాఫ్టే, మీ రబ్బరే. రెండూ ఒకేసారి బిగించాం. ఇక్కడ విరిగింది అక్కడ విరగదని ఏముంది? ఆపండయ్యా అంటే నన్ను తన్నారు. రబ్బరువాళ్ళు వచ్చి చెబితే ఆపుతానంటున్నాడు ఓనరు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి చాలు."

"ఏమని చెప్పమంటారు అన్నయ్యగారూ?"

"రబ్బరులో తేడా ఉందని."

పెద్దక్క నవ్వింది. ఆ నవ్వు ఆమెకు తండ్రి నుంచి రాలేదు. ఆయన మెత్తటి మనిషి. ఆయన పోయాక కార్ఖానా చేతిలోకి తీసుకుని, ప్రెస్సు సెగకు మోచేతుల దాకా కాల్చుకుని, పెళ్ళి మాటెత్తిన వాళ్ళందరినీ గేటు దగ్గర నుంచే తరిమేసి, ఆ నవ్వును ఆమె స్వయంగా సంపాదించుకుంది. వంగి ఒక దిమ్మ తీసి, కొంగుతో తుడిచి, టర్నర్ మంచి కంటికి దగ్గరగా పెట్టింది.

"కళ్ళు... కన్ను పెట్టి చూడండి. ఒక్క గీత పడిందా? అంచు నలిగిందా? షాఫ్టు తునిగింది, మనిషి పోయాడు, లాంచీ సగం మునిగింది. నా రబ్బరు మాత్రం ఇప్పుడే అచ్చులోంచి తీసినట్టుంది. తప్పు రబ్బరుదైతే రబ్బరు కదా చితకాలి? ఎవరిది తప్పో ఇంకా ఎవరైనా చెప్పాలా?"

టర్నర్ కిందకు వంగి షాఫ్టు ముక్కను రెండు చేతులతో ఎత్తాడు. విరిగిన మొహాన్ని ఆమె వైపు తిప్పాడు. "బరువుకి వంగి విరిగితే అడ్డంగా విరుగుతుంది వదినగారూ. ఇది చూడండి. ఏటవాలుగా చుట్టుకుంటూ పోయింది. తడిబట్ట పిండినట్టు దీన్నెవరో పిండారు. అటొకసారి, ఇటొకసారి, ఎన్ని వేలసార్లో. ఇనుములో లోపముంటే లోపల బుడగ కనబడాలి. లేదు. నిగనిగలాడుతోంది."

"పిండింది ఇంజిను. వెళ్ళి దాన్ని అడగండి."

ఇనుము సంగతి అతనికి వేలి కొసల్లో ఉంది కానీ రబ్బరు అతనికి ఒట్టి రబ్బరే. తన షాఫ్టు తప్పు కాదని తెలుసు, మరి ఎవరి తప్పో తెలియదు. మాట లేనివాడికి ముందు చెయ్యి లేస్తుంది. అది లేచేలోపే మేడమెట్ల మీద నుంచి చెల్లెలు దిగింది.

మొగుడు పోయిన రోజు కట్టుకున్న చీర ఆమె ఇంకా మార్చుకోలేదు. మరకలు ఎండి నల్లబడ్డాయి. నేరుగా టర్నర్ ఎదుటికి వచ్చి నిలబడింది.

"బావగారూ, మీరింకా నిద్రపోగలుగుతున్నారా?"

"లేదమ్మా."

"ఆయన లోపల పడుంటే నేను వెళ్ళి చూశాను. ఆ ముక్క బయటికి తీయడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. మీ లేతు మీద పుట్టిన ముక్క. మీ చేత్తో నున్నగా చేసిన ముక్క." అని అతని మొహాన ఉమ్మింది. టర్నర్ తుడుచుకోలేదు. పక్కకు తిరిగాడు. అలా తిరిగినప్పుడే అతని మంచి కన్ను పెద్దక్క తమ్ముడి మీద పడింది.

పెద్దక్కకు తమ్ముడొకడు ఉన్నాడని నిరుడే పరిచయం చేశాను కానీ మీకు గుర్తుండి ఉండదు, అతను అలాంటి మనిషే. రబ్బరు కలిపే మిల్లు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు ఇనుప రోలర్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ పచ్చి రబ్బరును లోపలికి లాక్కుని, నలిపి, నల్లటి రేకులా కిందకు వదులుతున్నాయి. ఇంత గొడవ జరుగుతున్నా అతను తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కాలితో ఒక డబ్బాను మెల్లగా మిల్లు కిందకు నెడుతున్నాడు. డబ్బాలో పసుపుపచ్చటి పొడి ఉంది.

టర్నర్ రెండంగల్లో అక్కడికి చేరాడు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. తమ్ముడి నోట్లోంచి ఏదో ఎగిరి రోలర్ల మీద పడి రబ్బరులో కలిసిపోయింది. పన్ను అయి ఉంటుంది. రెండో దెబ్బ పొట్టలో పడింది. వంగినవాడి మెడ పట్టుకుని టర్నర్ అతన్ని మిల్లు మీదకు వంచాడు. కుడి చేతిని వెనక్కి మెలిపెట్టి, ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని రోలర్ల వైపు తోశాడు.

"అదేంటి? ఏం కలిపావు?"

"గంధకం బావా. గంధకమే. అందరూ కలిపేదే."

"అందరూ కలిపేదైతే ఎందుకు దాస్తున్నావు?"

పెద్దక్క అచ్చులు ఎత్తే ఇనుప కమ్మీ అందుకుని టర్నర్ వీపు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. అతను మూలిగాడు తప్ప పట్టు వదల్లేదు. పొద్దున్నుంచి దెబ్బలు తింటున్న ఒంటికి ఇదొక లెక్క కాదు. "చెప్పు," అంటూ చేతిని ఇంకాస్త ముందుకు తోశాడు. రోలర్ల మీద అడ్డంగా ఒక తాడుంటుంది. చెయ్యి ఇరుక్కుంటే తలతోనో భుజంతోనో నెట్టినా చాలు, మిల్లు ఆగిపోతుంది. టర్నర్ ఆ తాడును చూసే అంత ధైర్యం చేశాడు. బెదిరించడమే అతని ఉద్దేశం.

ఆ తాడు ఊరికే తగిలి మిల్లు మాటిమాటికీ ఆగిపోతోందని తమ్ముడు దాన్ని పైకప్పు కొక్కేనికి బిగించి కట్టేశాడు. ఆ సంగతి టర్నర్‌కు తెలియదు.

చొక్కా చెయ్యి అంచు రబ్బరుకు అంటుకుంది. అంటుకున్న మరుక్షణం రోలర్లు దాన్ని లోపలికి లాక్కున్నాయి. తమ్ముడు వేసిన కేక మనిషి కేకలా లేదు. టర్నర్ తాడు మీద పడి లాగాడు. తాడు కదల్లేదు. అంతవరకూ ముందుకు తోసినవాడే తమ్ముడి నడుం పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. పెద్దక్క కమ్మీ పారేసి తమ్ముడి భుజం పట్టుకుంది. ముగ్గురూ కలిసి లాగుతున్నా వేళ్ళు లోపలికే పోతున్నాయి. ఎదుటి గోడ దాకా పరుగెత్తి స్విచ్చి కిందకు కొట్టింది చెల్లెలే.

మిల్లు ఆగింది. చొక్కా భుజం దగ్గర చిరిగి చెయ్యి బయటికి వచ్చింది. మూడు గోళ్ళు లేవు. మణికట్టు దాకా చర్మం తొక్క ఒలిచినట్టు ఊడింది. తమ్ముడు నేల మీద కూలబడి, ఆ చేతిని పొట్టకు అదుముకుని, ఎవరూ అడక్కుండానే చెప్పేశాడు.

"రెండింతలు వేశాం. గంధకం. నాన్న వేసేదానికి రెండింతలు. ప్రెస్సులో కూడా ఎక్కువసేపు ఉంచాం. అక్క వెయ్యమంది, వేశాను. గట్టిగా రావాలంది. నన్ను చంపకండి."

టర్నర్ పెద్దక్క వైపు చూశాడు.

"అవును, నేనే వెయ్యమన్నాను," అంది పెద్దక్క. "అందులో దాచాల్సిందేం లేదు. వీడో పిరికి వెధవ. నాన్న చేసిన దిమ్మలు ఎప్పుడూ తిరిగొచ్చేవి. వానాకాలం ముందొకసారి, తరవాతొకసారి. చితికిపోయి, పగిలిపోయి. ప్రతివాడూ వాటిని తెచ్చి ఈ బల్ల మీద పారేసి నాన్నను నిలదీసేవాడు. మీ లాంచీ ఓనరే అనేవాడు, నీలాగే నీ రబ్బరు కూడా మెత్తన అని. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి కదా. నా చేతికొచ్చాక నేను గట్టి చేశాను. అప్పట్నుంచి ఒక్క ముక్క తిరిగి రాలేదు. ఒక్కటి. అరగని రబ్బరు అంటే మా పేరే చెబుతారు."

"తిరిగి రాకపోతే మంచిదనా?"

"కాకపోతే? ఉండండి, లోపల కూడా చూపిస్తాను. లోపల నెర్రె ఉందేమో, బుడగ ఉందేమో మీరే చూసుకోండి."

గోడకు తగిలించిన పొడుగాటి కత్తి తీసింది. అది వాళ్ళ నాన్నది. తిరిగొచ్చిన ప్రతి దిమ్మనూ తెచ్చినవాడి ఎదుటే నిలువునా కోసి చూపించడం ఆయన అలవాటు. ముక్కలు తిరిగి రావడం మానేశాక కత్తికి పనిలేక తుప్పు పట్టింది. సబ్బునీళ్ళలో ముంచి, దిమ్మను బల్ల మీద పెట్టి, బరువంతా వేసి కోసింది. రెండు సగాలూ విడిపోయాయి. లోపలా బయటా ఒకటే నలుపు. ఒకటే మెరుపు.

"చూశారా," అంది.

అని ఆగిపోయింది. బొటనవేలితో దిమ్మ నడిబొడ్డును నొక్కింది. ఇంకొకటి తీసి కోసింది. మూడోది కోసింది. ఈసారి చూడండని ఎవరితోనూ అనలేదు.

నాన్న కోసినప్పుడు దిమ్మ లోపల ఇలా ఉండేది కాదు. నడుమ గోధుమరంగు తిరిగి, మెత్తబడి, వేలికి బంకలా అంటుకునేది. మాడిన వాసన వచ్చేది. కొనుక్కున్నవాడు అరుస్తూ ఉంటే నాన్న మాత్రం ఆ బంకను వేళ్ళ మధ్య నలుపుతూ సంతోషంగా, బాగా తిన్నదయ్యా, అనేవాడు. అది ఉడికింది కాబట్టే నీ ఇనుము చల్లగా ఉంది, అనేవాడు. చిన్నప్పుడు పక్కన నిలబడి వింటూ ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. పాడైన సరుకును పొగుడుకునే తండ్రి ఎవరికుంటాడు? పెద్దయ్యాక ఎప్పుడూ ఇలాంటి మాట అనిపించుకోకూడదని అప్పుడే అనుకుంది. అనిపించుకోలేదు. కార్ఖానా చేతికొచ్చినప్పటి నుంచి ఆమె దేనికి గర్వపడిందో అది ఇప్పుడు బల్ల మీద రెండు సగాలుగా, చల్లగా, ఏ పనీ చెయ్యకుండా పడి ఉంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఇది ఏమీ తినలేదు," అంది చివరికి.

"ఏంటి వదినగారూ?"

"ఇంజిను నున్నగా తిరగదు కదా. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా షాఫ్టును ఒక్క గుద్దు గుద్దుతుంది. మధ్యలో రబ్బరు ఆ గుద్దు తిని, తను నలిగి, తను వేడెక్కి అరిగిపోవాలి. అరగడమే దాని పని. ఇది అరగలేదు. కొత్తగా ఉందని మీకు చూపించానే, కొత్తగా ఉందంటేనే పని చెయ్యలేదని. గుద్దులన్నీ మీ షాఫ్టే తింది." కోసిన సగాన్ని అతని వైపు తోసింది. "అంతే కాదు. ఉయ్యాలను సరిగ్గా అది వెనక్కొచ్చినప్పుడల్లా తోస్తే ఏమవుతుంది? చిటికెన వేలితో తోసినా పైకప్పుకు తగులుతుంది. ప్రతి షాఫ్టుకూ అలా ఊగే వేగం ఒకటుంటుంది. మెత్తటి రబ్బరుంటే ఆ వేగం కింద ఎక్కడో ఉండేది, స్టార్టు చేసేటప్పుడు ఒక్కసారి వణికి దాటిపోయేది. నేను గట్టి చేసి దాన్ని పైకి ఎక్కించాను. లాంచీ రోజంతా నడిచే వేగం దగ్గరికి తెచ్చి పెట్టాను. రోజంతా ఇంజిను తోస్తూనే ఉంది, షాఫ్టు ఊగుతూనే ఉంది."

"అక్కా," అంది చెల్లెలు. ఆమె స్విచ్చి దగ్గరే నిలబడి ఉంది. "నాకు ఈ ఉయ్యాలలూ అవీ అర్థం కావు. ఒక్క మాటలో చెప్పు."

పెద్దక్క చెల్లెలి వైపు తిరిగింది. ఆమె అబద్ధం చెప్పడానికి అదొక్కటే సమయం. తమ్ముడి మీదకు తోసెయ్యొచ్చు, పరువు నిలబెట్టుకోవచ్చు. ఇన్నాళ్ళుగా ఈ కథ చెబుతున్న నాకు కూడా ఆమె ఏం చేస్తుందో తెలియలేదంటే నమ్మండి.

"మీ బావగారి తప్పేం లేదు. మీ ఆయన్ని చంపింది నేను."

చెల్లెలు ఏడవలేదు. నడిచి వచ్చి, కింద పడి ఉన్న కమ్మీ తీసుకుని, అక్కను కొట్టింది. మొదటిది భుజం మీద తగిలింది. ఎముక చప్పుడు టర్నర్‌కు కూడా వినిపించింది. రెండోది చెవి పక్కన తగిలి జుట్టులోంచి రక్తం కారింది. పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ళ మీద పడింది. మూడోసారి లేచిన కమ్మీని టర్నర్ గాలిలోనే పట్టుకున్నాడు.

"అమ్మా, తరవాత. తరవాత ఎంతైనా కొట్టు. అక్కడ జనం ఎక్కుతున్నారు."

కమ్మీ లాక్కుని దూరంగా విసిరేశాడు. పెద్దక్క బల్ల పట్టుకుని లేచింది. ఎడమ భుజం కిందకు వేలాడుతోంది. కుడి చేత్తో కత్తి తీసుకుంది. ఎందుకో అడిగే వ్యవధి లేదు. ఇద్దరూ రేవు వైపు పరుగెత్తారు. చెల్లెలు కోసిన దిమ్మల దగ్గరే నిలబడిపోయింది.

రేవులో ఇసక వేస్తే రాలనంత జనం. చిన్న లాంచీ నిండిపోయి ఒక పక్కకు ఒరిగి ఉంది. టర్నర్ కనబడగానే లాంచీ మనుషులు మళ్ళీ వచ్చిపడ్డారు. ఒకడు మోకాలితో కడుపులో పొడిచాడు. ఒకడు తాడు చుట్టిన చేత్తో మెడ మీద బాదాడు. కిందపడ్డవాడి తల మీద కాలు పెట్టి మూడోవాడు నిలబడ్డాడు. "నా మాట వద్దు, ఆవిడ చెప్పేది వినండి," అంటున్నాడు టర్నర్. ఇసకలో మొహం ఉన్నవాడి మాట ఎంత దూరం పోతుంది?

పెద్దక్క ఒడ్డు నుంచి లాంచీకి వేసిన వంతెనపలక మీద నిలబడి పైకి చూసి అరిచింది. చుక్కాని గది కిటికీలో యజమాని ఉన్నాడు.

"ఓనరు గారూ, ఆపండి. రబ్బరు తప్పు. నా రబ్బరు తప్పు."

"నిన్న నీ రబ్బరు వజ్రమన్నావు కదమ్మా," అన్నాడు యజమాని. "ఇదే చోట నిలబడి అన్నావు. నేను విన్నాను, వీళ్ళంతా విన్నారు."

"నిన్న నాకు తెలియదు."

"ఇవాళ తెలిసింది. వరసైనవాళ్ళు ఇద్దరూ ఇంట్లో కూర్చుని కూడబలుక్కున్నాక తెలిసింది. ఆయన్ని తప్పించడానికి నువ్వు మీదేసుకుంటే నేను లాంచీ కట్టేసుకుని కూర్చోవాలా? ఈ జనానికి ఏం చెప్పను?"

జనానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. వాళ్ళే మొదలుపెట్టారు. వదలండి వదలండి అని కేకలు లేచాయి. ఎవరో విసిరిన సీసా ఆమె నడుముకు తగిలి నీళ్ళలో పడింది. దారికడ్డం లెమ్మని ఒకామె పెద్దక్క జుట్టు పట్టి పక్కకు ఈడ్చింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ రేవులో ఆ మధ్యాహ్నం పిడికిలి చాపనివాడు లేడు.

ఈడ్చిన ఊపుకు పెద్దక్క పడింది లాంచీలోనే. లేచి, మనుషుల కాళ్ళ సందుల్లోంచి పాకి, ఇంజినుగది నిచ్చెన పట్టుకుని దిగింది. ఒంటి చేత్తో దిగబోయి సగంలో జారి కింద ఇనుప పలక మీద వెల్లకిలా పడింది.

అక్కడ చిన్న లాంచీ డ్రైవరు ఉన్నాడు. నోట్లో మాటా, కాళ్ళలో నడకా అన్నీ నెమ్మది కాబట్టి అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. పొద్దున టర్నర్‌ను తన్నడంలో మాత్రం నిదానించలేదు. పిడికిలి మీద చర్మం లేచి ఉంది. ఆ ఇంజినుకు తాళంచెవి, బటను లాంటివి లేవు. ఇనుప సీసాలో దట్టించిన గాలిని వాల్వు తిప్పి వదిలితే ఆ తోపుకు తిరగడం మొదలుపెడుతుంది. పై నుంచి గంట కొట్టగానే కింద వాల్వు తిప్పాలి. అతను వాల్వు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇక్కడికి రాకూడదమ్మా," అన్నాడు.

"నిదానం, ఒక్కటి చెప్పు. స్టార్టు చేసేటప్పుడు ఇది వణుకుతోందా?"

"లేదు. ఇదివరకు వణికేది. మీ గట్టి రబ్బరు వేశాక స్టార్టులో వణకడం మానేసింది. బాగుపడిందని మేమంతా సంతోషించాం."

"నడి నదిలో?"

అతను ఆలోచించాడు. "నడి నదిలో మూలుగుతుంది. పళ్ళు జివ్వుమంటాయి. ఇదివరకు అది లేదు." అని, తను అన్న మాట తనే విన్నట్టు ఆగాడు. "పెద్ద లాంచీలో పోయిన డ్రైవరన్న కూడా అదే మాట అనేవాడు."

"ఇది కూడా అలాగే విరుగుతుంది. సగం విరిగే ఉంటుంది. తిప్పకు."

"గంట కొడితే తిప్పకుండా ఎలా ఉంటాను? కొట్టేది ఓనరు. పైన ఇంతమంది ఉన్నారు. మీరు నిన్నొకటి అన్నారు, ఇవాళ ఇంకోటి అంటున్నారు. తిప్పకపోతే నన్ను కూడా ఆయన్ని తన్నినట్టే తంతారు."

పెద్దక్క పాక్కుంటూ కప్లింగు దగ్గరికి వెళ్ళింది. మీద ఉన్న రేకు మూత చీలలను కత్తి మొనతో లేపి, మూతను కాలితో తన్నింది. లోపల రెండు ఇనుప చక్రాల పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుని ఉన్నాయి. ఆ పళ్ళ మధ్య ఆమె రబ్బరు దిమ్మలు, నల్లగా, కొత్తగా. కత్తితో ఒకదాన్ని పొడిచి చూసింది. కత్తి దిగలేదు. అంత గట్టిగా చేసింది తనే కదా. కత్తి వదిలేసి, ఉన్న ఒక్క మంచి చేతిని చక్రాల మధ్య సందులోకి మోచేతి దాకా దూర్చింది. ఇంజిను పావు చుట్టు తిరిగినా ఆ చెయ్యి భుజం నుంచి ఊడి వస్తుంది.

"గంట కొట్టనీ," అంది. "ఇప్పుడు తిప్పు చూద్దాం."

నిదానం ఆమె వైపు వంగాడు. "తీసెయ్యండమ్మా. నేను తిప్పను కానీ ముందు తీసెయ్యండి."

"తీస్తే తిప్పుతావు."

గంట మోగింది. పై నుంచి జనం చప్పట్లు కొట్టారు. నిదానం చెయ్యి అలవాటుగా వాల్వు మీదకు వెళ్ళి అక్కడే బిగుసుకుపోయింది. అప్పుడే నిచ్చెన మీద ఎవరో దిగుతున్న చప్పుడైంది. ముందు కాళ్ళు కనిపించాయి, తరవాత నల్లటి మరకల చీర. వాళ్ళ వెనక కాసేపటికి చెల్లెలు కూడా రేవుకు వచ్చింది. ఎవరూ ఆమెకు అడ్డు రాలేదు. మొగుడు పోయినామెకు జనం దారి ఇచ్చారు.

ఆమె ఇంజినుగది చుట్టూ చూసింది. ఇలాంటి గదిలోనే, ఇదే చోట, నిదానం ఇప్పుడు నిలబడ్డ చోటే ఆమె మొగుడు నిలబడేవాడు. కప్లింగు వైపు చూసింది. నేల మీద పడుకుని ఉన్న అక్కను, లోపలికి పోయిన చేతిని చూసింది. ఆమె చేతుల్లో కోసిన దిమ్మ సగం ఉంది.

"మీరైనా చెప్పండమ్మా," అన్నాడు నిదానం. "మీ అక్కను చెయ్యి తియ్యమనండి. పైన ఓనరు గంట కొట్టేశాడు."

పెద్దక్క తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

గంట రెండోసారి మోగింది. కార్ఖానాలో టర్నర్ గాలిలో ఆపిన మూడో దెబ్బ చెల్లెలికి ఇంకా మిగిలే ఉంది. అక్క కళ్ళలోకి చూస్తూనే నిదానంతో మాట్లాడింది.

"తిప్పు," అంది.